ఆరో తలుపు

మా అమ్మాయి స్రవంతికి పదకొండేళ్ళు. చేతిలో పెన్సిల్ ఉంటే చాలు, దేనికైనా స్టార్లు వేస్తుంది. నేను చేసిన పచ్చిపులుసుకు వేస్తుంది, వాళ్ళ నానమ్మ గురకకు వేస్తుంది, వినాయక మండపాల్లో పెట్టే ప్రసాదాలకు వేస్తుంది. వాటికోసం ఒక పెద్ద నోటుబుక్కు పెట్టుకుంది. అట్ట మీద ‘రివ్యూలు’ అని రాసుకుంది. అందులో సగానికి పైగా టింకీ టౌన్ గురించే.

టింకీ టౌన్ అంటే ఫోన్‌లో పిల్లలు ఆడే ఆట. ఫోన్ నాది. అందులో ఒక చిన్న ఊరు ఉంటుంది, ఆ ఊళ్ళో ఒక నక్క ఉంటుంది. ఎక్కడెక్కడి పిల్లలో అక్కడ ఇళ్ళు కట్టుకుంటారు. నిరుడు అక్టోబరు రెండో తారీఖు నుంచి తొమ్మిది రోజులు ఆ ఊళ్ళో పంటల పండుగ పెట్టారు. ఒక లావుపాటి చెట్టు మొదట్లో తొమ్మిది తలుపులు. రోజుకొకటి తెరిస్తే లోపల టోపీయో బొమ్మబండో దొరుకుతుంది. ఏది ఎట్లా ఉందో స్రవంతి తన పుస్తకంలో రాసుకునేది.

నేను పదో తరగతి దాకా చదివాను. పొద్దున దీపం పెట్టనిదే నోట్లో నీళ్ళు పోసుకోను. క్యాలెండర్‌లో తిథి చూడనిదే గడప దాటను. ఇవి గొప్పగా చెప్పుకోవడానికి కాదు. జరిగింది చెప్పాలంటే ఇవి చెప్పక తప్పదు.

నిరుడు మా బతుకమ్మ, ఆ నక్క పండుగ ఒక్క రోజే మొదలయ్యాయి. బతుకమ్మకు ఆరో రోజు అర్రెం. ఆ రోజు అమ్మవారు అలిగి ఉంటుంది. పూలు తేము, పేర్చము, ఆడము. ఆ పొద్దున స్రవంతి ఫోన్ పట్టుకుని కూర్చుంది.

“ఇయ్యాల అర్రెమే. ఆటలు వద్దు. అమ్మ అలిగి ఉంటది,” అన్నాను.

“గిది బతుకమ్మ ఆట కాదమ్మా. ఫోన్ ఆట.”

“ఏ ఆటైనా ఆటనే.”

అది నవ్వి ఆరో తలుపు తెరిచింది. లాంతరు పట్టుకున్న నక్క బయటికి దూకింది. నేను కూడా చూసి నవ్వాను.

మా ఆయన రాంచందర్ కేసముద్రం మార్కెట్ యార్డులో ఒక ధాన్యం దుకాణంలో పని చేస్తాడు. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి, గింజలు తీసి, తేమా తాలూ చూసి చెప్పాలి. రోజూ పొద్దున రైలుకు పోయి సాయంత్రం వస్తాడు. ఆ రోజు నాలుగింటికి దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. బస్తాల వరుస జారి, ఆయన పైనుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది, తలకు కుట్లు పడ్డాయి. పదకొండు రోజులు దవాఖానలో ఉన్నాము.

ఆ మొదటి రోజు, ఆయన్ను లోపలికి తీసుకుపోయాక, వరండాలో బెంచీ మీద కూర్చుని స్రవంతితో ఒక మాట అన్నాను. “చెప్పిన గద నీకు. అర్రెం నాడు ఆడొద్దని చెప్పిన గద.”

ఒక్కసారే అన్నాను. పిల్ల ఏడవలేదు. తన కాళ్ళ వైపు చూసుకుంది. నిద్ర వస్తోందేమో అనుకున్నాను. ఆ తర్వాత నేనా మాట మర్చిపోయాను.

ఈ ఏడు బతుకమ్మ పదకొండు రోజులు ముందే వచ్చింది. అర్రెం దగ్గరపడుతుంటే నాకు భయం పట్టుకుంది. ఆ రోజు ఆయన్ను పనికి పోవద్దని బతిమాలాను. “అర్రెం అని చెప్తే షావుకారి ఊకుంటడా?” అని నవ్వుతూ వెళ్ళాడు. ఆయన తిరిగి వచ్చి చెప్పులు విడిచిందాకా నేను పచ్చి గంగ ముట్టలేదు. ఏమీ కాలేదు. మరునాడు భద్రకాళి అమ్మకు కొబ్బరికాయ కొట్టి, గండం గడిచిందనుకున్నాను.

నేను తిథి లెక్క పెట్టుకున్నాను. ఇంట్లో ఇంకొకరు తారీఖు లెక్క పెట్టుకుంటున్నారని నాకు తెలియదు.

దసరా నాడు అందరం జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుంటుంటే స్రవంతి మూలన కూర్చుని ఫోన్ చూస్తోంది. మళ్ళీ అక్టోబరు రెండు. మళ్ళీ నక్క పండుగ.

“ఎట్లుందే కొత్త పండుగ?” అని అడిగాను.

“కొత్తది కాదమ్మా. నిరుడిదే మళ్ళ పెట్టిండ్రు.”

ఆ ఆటలోనే పిల్లలు అభిప్రాయాలు రాసే చోటొకటి ఉంటుందట. అక్కడ అందరూ వెక్కిరిస్తున్నారట, ఆటవాళ్ళకు బద్ధకమెక్కువ, పాచిపోయిన సద్ది వేడిచేసి పెట్టారని. ఇది చెబుతూ స్రవంతి నవ్వలేదు. దాని పెదవులు ఎండిపోయి ఉన్నాయి. బడికి సెలవులు అయిపోతున్నాయని దిగులేమో అనుకున్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులు అది సరిగా తినలేదు. వాళ్ళ బాపు స్నానానికి లేస్తే బయట నిలబడేది. మెట్లు దిగుతుంటే వెనకనుంచి అంగీ పట్టుకునేది. “ఏందే, నేనేమన్న సంటిపిల్లగాణ్ణా?” అని ఆయన నవ్వేవాడు.

ఏడో తారీఖు మంగళవారం. పొద్దున్నే స్రవంతి టిఫిన్ సంచీ దాచిపెట్టింది.

“ఇయ్యాల పోకు బాపూ. నాకు కడుపు నొస్తాంది.”

“నీ కడుపు నొస్తే నేనుండి ఏం జెయ్యాలె? అమ్మ వాము ఇస్తది,” అంటూ ఆయన సంచీ వెతికి తీసుకుని రైలుకు పోయాడు. అది గడపలో నిలబడి, సందు మలుపు తిరిగిందాకా చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, “అమ్మా, ఇయ్యాల ఫోన్ ముట్టకు,” అంది.

“ఎందుకే?”

“ఊకెనే.”

నేను ఊ అన్నాను. అది జడ వేసుకోవడానికి లోపలికి వెళ్ళింది. నేను దీపం పెడుతున్నాను. పక్కన గూట్లో ఫోన్ టింగు టింగుమంటోంది. ఆగడం లేదు. లలితా సహస్రం చదువుతుంటే మధ్యలో అదొక రొద. ఆపుదామని తీశాను. తెర మీద చెట్టు, మెరుస్తున్న తలుపు. ఎక్కడ నొక్కితే ఆగుతుందో తెలియక, మెరిసే చోటే నొక్కాను. తలుపు తెరుచుకుంది. లాంతరు పట్టుకుని నక్క దూకింది.

వెనక్కి తిరిగితే స్రవంతి. ఒక జడకే రిబ్బను కట్టుకుని ఉంది. ఫోన్ చూసింది. నన్ను చూసింది.

“నువ్వు తెరిచినవా?”

“ఒకటే మోగుతాంది, ఆపుదామని నొక్కిన. ఏమైందే? నీ టోపీ నేను తీసుకున్ననా ఏంది?”

అది బడిసంచీ వేసుకుని వెళ్ళిపోయింది. రెండో జడ అట్లాగే ఉంది. పిలిచాను. వెనక్కి తిరగలేదు.

పది దాటాక బడి నుంచి శోభారాణి మేడం ఫోన్ చేసింది. “స్రవంతికి ఒంట్లో బాగలేదా అండీ? ఇవాళ రాలేదు.”

ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. బడి మాకు రెండు సందుల అవతల. ఆ రెండు సందులూ పరుగెత్తాను. కిరాణా కొట్లో అడిగాను, పిండి గిర్ని దగ్గర అడిగాను. ఎవరూ చూడలేదు. తెరిచి ఉన్న మురుగు మోరీ కనబడితే వంగి చూశాను. ఆయనకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. యార్డులో ఫోన్ టిఫిన్ సంచీలో పెట్టి మేకుకు తగిలిస్తాడు, నాకు తెలుసు. తెలిసినా మళ్ళీ మళ్ళీ చేశాను.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ మొగిలమ్మ గడపలోనే ఉంది. “పిల్లేదే?”

“తెల్వది అత్తమ్మా.”

దాని అలమార వెతికాను. బట్టల కింద ‘రివ్యూలు’ పుస్తకం దొరికింది. నిరుటి పేజీలు ముందు వచ్చాయి. ఆరో తలుపు దగ్గర ‘లాంతరు. మస్తుంది. 5 స్టార్లు’ అని ఉంది. దాని తర్వాత మూడు పేజీల మీద 7, 8, 9 అని అంకెలు మాత్రమే వేసి ఉన్నాయి. కింద ఏమీ లేదు. ఆ మూడు రోజులూ మేము దవాఖానలో ఉన్నాము. పేజీ తిప్పితే ఈ ఏటిది.

‘తలుపు 1. అదే టోపీ. ఒక్క తలుపుల వేరేది ఉన్నా ఫికర్ లేదు. చూడాలె.’

‘తలుపు 2. అదే బండి. రంగు గూడ అదే.’

‘తలుపు 3. అదే.’

‘తలుపు 4. అదే. నక్క మాటలు గూడ అవే.’

‘తలుపు 5. అదే. అన్నీ అవే వస్తానయ్.’

‘తలుపు 6. నేను తెరువను. తెరువకుంటే బాపుకు ఏం కాదు.’

స్టార్లు ఎక్కడా లేవు.

కింద కూర్చుండిపోయాను. దవాఖాన వరండా, ఆ బెంచీ, నేనన్న మాట ఒక్కసారిగా ముందుకొచ్చాయి. ఏడాదిగా ఈ పిల్ల ఆ మాట మోసుకు తిరిగింది. అది మూసి ఉంచాలనుకున్న తలుపు నేను తెరిచాను.

అత్తమ్మకు ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె విని నెత్తి కొట్టుకుంది.

“నీకు సదువెందుకొచ్చిందే సుగుణా? అమ్మవారు అలిగితే ఇల్లు గూలుస్తదా? నీ మామ మీద నేనెన్నిసార్లు అలగలె? అలిగినదాన్ని అన్నం తినకుంట గోడ దిక్కు తిరిగి పన్న. అంతేగని ఆయన కాళ్ళు ఇరగ్గొట్టిన్నా? అలిగినోళ్ళు మాట్లాడరు. చెయ్యి జేసుకోరు. గామె తల్లి గాదా?”

ఇన్నేళ్ళుగా అర్రెం పాటిస్తున్నాను. ఈ ముక్క నాకెప్పుడూ తట్టలేదు. నిజమే కదా అనిపించింది. కానీ నిజమే అనిపించినంత మాత్రాన భయం పోలేదు.

పుస్తకం చంకలో పెట్టుకుని స్టేషన్‌కు పరుగెత్తాను. గేటు దగ్గర సారలమ్మ సీతాఫలాలు అమ్ముతుంది. మమ్మల్ని ఎరుగును.

“నీ బిడ్డనా? ఇందాక రైలెక్కింది గద,” అంది. “ఒక్కదానివే ఎటు పోతానవే అంటే, మా బాపు ముందటి డబ్బాల ఉన్నడు అన్నది. ఇద్దరు కలిసి పోతాండ్రనుకున్న.”

ముందటి డబ్బాలో బాపు లేడు. ఆ కిక్కిరిసిన రైల్లో ఒక్క జడకే రిబ్బను ఉన్న పిల్ల ఒంటరిగా నిలబడి ఉంటుంది. కేసముద్రంలో దిగగలిగిందో లేదో. తలుపు దగ్గర ఎవరైనా నెట్టేశారో. మంచిగా మాట్లాడి ఎవరైనా మధ్యలో దించుకుపోయారో. నాకు రైలు మధ్యాహ్నం దాకా లేదు.

మా సందులోని రాజమల్లు అన్న ఆటో స్టేషన్ బయటే ఉంది. విషయం సగం వినగానే బండి తిప్పాడు.

“కూసో చెల్లె. నెక్కొండ మీంచి పోదాం. జర గట్టిగ పట్టుకో. నా బండికి బ్రేకులు తక్కువ, ఉరుకుడెక్కువ.”

నన్ను నవ్వించడానికే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. దారి పొడుగునా పత్తి చేలు. అక్కడక్కడా తెల్లగా విచ్చుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుందామంటే నోరు తిరగలేదు. రోజూ పొల్లుపోకుండా చదివే సహస్రం నాలుగు నామాల దగ్గరే తెగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ తెగిపోయింది. చివరికి మామూలు మాటల్లోనే అడిగాను. ‘అమ్మా, అర్రెం నీది, ఒప్పుకుంటాను. ఆ తలుపు కూడా నీదేనా? నక్కను చేసినవాళ్ళకు నీ పేరైనా తెలుసా? ఏ దేశంలోనో ఎవరో పాత బొమ్మనే మళ్ళీ పెడితే, నువ్వు నా ఇంటి మీదికి వస్తావా?’

అడిగి, అట్లా అడిగినందుకు మళ్ళీ భయపడ్డాను.

“రాజమల్లన్నా, నువ్వు నమ్ముతవా? ఒక పని చేస్తే ఇంకోటైతదని?”

“నమ్మనా మరి? పిల్లి ఎదురైతే బండి ఆపి బీడీ తాగుత.”

“తాగకపోతే?”

“ఎన్నడు తాగకుండ లేను చెల్లె. గందుకే తెల్వది.”

కేసముద్రం యార్డు గేటు దగ్గర దిగేసరికి ఎండ నెత్తిన ఉంది. లోపల మక్కజొన్న గింజల కుప్పలు పచ్చగా పోసి ఉన్నాయి. లారీలు, హమాలీలు, దుమ్ము. ఆయన పనిచేసే దుకాణం చివర్లో ఉంటుంది. అటు చూస్తే దాని ముందు జనం గుంపుగా మూగి ఉన్నారు. అందరూ లోపలికి చూస్తున్నారు.

నిరుడు కూడా ఇట్లాగే మూగి ఉంటారు.

ఎట్లా పరుగెత్తానో నాకే తెలియదు. మక్కల్లో కాలు కూరుకుపోయి ఒక చెప్పు ఊడిపోయింది. ఎవరినో మోచేత్తో నెట్టాను. “ఎవరమ్మా నువ్వు?” అని ఎవరో కసిరారు. గుంపు లోపలికి పడ్డాను.

మధ్యలో ఆయన నిలబడి ఉన్నాడు. రెండు కాళ్ళ మీదే నిలబడి ఉన్నాడు. ఆయన అంగీ అంచు రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు నేలకు తన్నిపెట్టి మా స్రవంతి. చుట్టూ హమాలీలు నవ్వుతున్నారు.

“షావుకారీ, ఇయ్యాలటి సంది కొత్త సూపర్‌వైజరొచ్చింది!”

“రాంచందరన్నకు తగ్గ తాడు దొరికింది!”

ఆయన నన్ను చూసి, “వచ్చినవా? ఇగో నీ బిడ్డ. గంట సేపాయె, అంగీ ఇడుస్తలేదు, ఫోన్ దాక గూడ పోనిస్తలేదు. బడెగ్గొట్టి ఒక్కతే రైలెక్కొచ్చింది. కొడుదామంటే చెయ్యి రాలె,” అన్నాడు.

నేను పిల్లను పట్టుకున్నాను. తల, చేతులు, వీపు తడిమి చూశాను. తర్వాత కొట్టాను. వెంటనే మళ్ళీ పట్టుకున్నాను.

“ఒక్కదానివి ఎట్లొచ్చినవే? ఏమన్నైతే?”

“బాపును సంచుల మీదికి ఎక్కనియ్యద్దని.”

“నేను తలుపు తెరిచిననని గదా? బాపుకు ఏమన్నైతదని భయపడ్డవు గదా?”

అది తల అడ్డంగా ఊపింది. “బాపుకే కాదు. బాపుకు ఏమన్నైతే నువ్వు తెరిచినందుకే అనుకుంటవు గద. అట్ల అనుకుంటే మస్తు నొస్తదమ్మా. ఎవ్వరికి చెప్పరాదు.”

హమాలీల నవ్వు ఆగిపోయింది. నాకు దాని ముఖం చూసే ధైర్యం లేకపోయింది. చూడక తప్పదు కనుక చూశాను.

“నిరుడు దవాఖానల నేనన్న మాట తప్పు బిడ్డా,” అన్నాను. “నువ్వు తెరిచినందుకు కాలేదు. భయమై, ఎవలనో ఒకల్ని అనాలని నిన్నన్న.”

“మరి ఎందుకైంది?”

ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. “నిరుడు ముందటి రోజు వాన పడ్డది. సంచులు తడిసినయ్. ఎక్కకు అన్నా అని వీళ్ళందరూ అన్నరు. నేనే ఇనలె. తొందరల చెప్పులు గూడ ఇడువకుంట ఎక్కిన.”

“ఇన్ని రోజులు చెప్పలేదేంది?” అన్నాను.

“చెప్తే తిడుతవని.”

ఒక ముసలి హమాలీ తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, “మేం మస్తు తిట్టినం తియ్యి, నీ వంతు గూడ,” అన్నాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ లారీ ఆగి ఉంది. పైవరుస బస్తాలు చూడనిదే సరుకు కదలదు. ఆయన చూసి తీరాలి. స్రవంతి అంగీ వదలలేదు. నేను వదులు అనలేకపోయాను. నా మనసు కూడా ఆ అంగీనే పట్టుకుని ఉంది.

ఆయన వంగి చెప్పులు విడిచాడు. వాటిని దాని చేతికిచ్చాడు. “ఇవి నీ దగ్గర పెట్టుకో. సంచులు పొడిగున్నయ్, ముట్టి చూడు.”

అది ముట్టి చూసింది. ఒక్కటి కాదు, చేయి అందిన వరుస మొత్తం ముట్టి చూసింది. అప్పుడు వదిలింది.

ఆయన ఎక్కుతున్నాడు. నిరుడు విరిగిన కాలు కొంచెం ఆలస్యంగా లేస్తుంది. స్రవంతి చెప్పులు గుండెకు హత్తుకుని కళ్ళు మూసుకుంది. “అమ్మా, నువ్వు చూడు. నేను చూడ.”

నేను చూశాను. దేవుడి పేరు తలవలేదు, కన్నార్పలేదు. ఆరు వరుసలు. పై వరుసలో నిలబడి గొట్టం గుచ్చాడు. ఒక బస్తా కొద్దిగా కదిలింది. నా గొంతులో కేక తయారైంది. అది బయటికి రాకముందే ఆయన కాలు సర్దుకున్నాడు. ఇంకో బస్తా. ఇంకోటి. తర్వాత వెనక్కి తిరిగి, ఒక్కో వరుస దిగి, నేల మీద కాలు పెట్టాడు.

“దిగిండా?”

“దిగిండే.”

అది కళ్ళు తెరిచి ముందు ఆయన కాళ్ళు చూసింది.

సాయంత్రం రైల్లో ముగ్గురం వచ్చాము. కిటికీ పక్కన కూర్చోబెట్టి రెండో జడకు రిబ్బను కట్టాను. అది నా చంకలోని పుస్తకం తీసుకుని, ఫోన్ అడిగి, ఆ నక్కను చాలాసేపు చూసింది. ఆరో తలుపు కింద రాసినదాన్ని పెన్సిల్‌తో కొట్టేసి, కింద ఇట్లా రాసింది.

‘అదే లాంతరు. అదే నక్క. 1 స్టార్.’

“ఒక్కటేనా? నిరుడు అయిదిచ్చినవు గద,” అన్నాను.

“మరి కొత్తది పెట్టాలె గదమ్మా. అన్నీ పాతయే పెడితే ఏమిస్తరు?” అని విసుక్కుంది. ఆ విసుగు వినడం నాకెంతో హాయిగా ఉంది.

తర్వాత నిరుటి పేజీల్లో ఖాళీగా ఉన్న 7 దగ్గర వేలు పెట్టి, “గిందుల ఏముంటదో నాకు గూడ తెల్వది,” అంది.

“రేపు బాపు రైలుకు పోకముందే తెరుద్దాం,” అన్నాను. అంటుంటే మళ్ళీ చిన్నగా భయం పుట్టింది. పుట్టినట్టు పిల్లకు కనబడనివ్వలేదు. కానీ అది నా చేయి పట్టుకుంది.